నా పేరు పిలవలేదు

క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌లో మా బ్యాచ్ ఫ్రెండ్స్ పేర్లు ఒక్కొక్కటే పిలిచారు. నాది రాలేదు. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే 2005 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ వీడియో తగిలింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆటను నడిపేది క్వార్టర్‌బ్యాక్. పదేళ్లు నమ్ముకోదగ్గవాడు ఒక్కడు దొరికితే జట్టు దశ తిరిగినట్టే. అందుకే కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరి కళ్లూ వాళ్ల మీదే.

ఆరన్ రోజర్స్ చిన్నప్పటి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో అభిమాని. ఆ రోజు ఆ జట్టుకే మొదటి ఛాన్స్. వాళ్లు అలెక్స్ స్మిత్‌ను తీసుకున్నారు. రోజర్స్ కెమెరాల ముందు గంటల తరబడి అలాగే కూర్చున్నాడు. చివరికి 24వ పేరుగా గ్రీన్‌బే పిలిచింది.

అక్కడా వెంటనే ఆట దక్కలేదు. బ్రెట్ ఫార్వ్ వెనకాల మూడేళ్లు బెంచీ మీదే. ఆ మూడేళ్లూ నేర్చుకున్నాడు. 2008లో జట్టు చేతికొచ్చింది. 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ముందు పిలిపించుకున్న స్మిత్‌కేమో కుదురే దొరకలేదు, కోచ్‌లు మారుతూనే ఉన్నారు.

నాకింకా ఆఫర్ రాలేదు. అయినా ఆ కుర్చీలో అతని మొహం గుర్తొచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్ తెరిచి కోడింగ్ ప్రాక్టీస్‌కి కూర్చుంటున్నా.