చలిసీమ నౌకాయానానికి ముందు

ఈసారి ఏ వ్యాధిని గురించీ రాయకూడదనుకున్నాను. మా దంపతులం తొలిసారిగా తలపెట్టిన నౌకాయానం గురించీ, దానికి చేసుకున్న సన్నాహాల గురించీ నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను. రాస్తూ పోగా మళ్ళీ వ్యాధి దగ్గరికే వచ్చాను. ముప్ఫై మూడేళ్ళ ప్రభుత్వ వైద్యుని అలవాటు పదవీ విరమణతో పోయేది కాదు కాబోలు.

పోయిన ఏడాది సంక్రాంతినాడు సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, ఈ జూన్‌లో మీరిద్దరూ రండి. అందరం కలిసి అలాస్కా క్రూయిజ్‌కి వెళ్దాం" అన్నాడు. మీలో ఎందరి పిల్లలో ఆ ప్రాంతంలో ఉన్నారు కనుక ఈ మాట కొందరికి కొత్త కాదు. తెలియనివారి కోసం చెబుతాను. అలాస్కా అమెరికాకు వాయవ్యాన, కెనడాను దాటి ఉన్న రాష్ట్రం. 1867లో రష్యా నుంచి 72 లక్షల డాలర్లకు కొన్న భూమి, 1959లో రాష్ట్రమైంది. వేసవి నెలల్లో సియాటిల్ నుంచీ, కెనడాలోని వాంకూవర్ నుంచీ పెద్ద పెద్ద ఓడలు వేలమంది యాత్రికులతో అక్కడికి బయలుదేరుతాయి. సాధారణంగా ఏడు రాత్రుల ప్రయాణం. కెచికాన్, జూనో, స్కాగ్వే వంటి రేవులలో పగలు దించి, సాయంత్రానికి మళ్ళీ ఎక్కించుకుంటాయి. హిమానీనదాలు, అంటే కొండల మీద నుంచి మెల్లగా జారివచ్చే మంచునదులు, సముద్రాన్ని తాకే చోటికి కొన్ని ఓడలు వెళ్ళి ఆగుతాయట.

మన విజయవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూనో యాభై ఎనిమిది దాటి ఉంది. మనకు మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసి రోళ్ళు పగిలే వేళకు కొద్ది వారాల తరువాత అక్కడ పగటి ఉష్ణోగ్రత 16, 17 డిగ్రీలు. కెచికాన్‌లో ఏటా కురిసే వాన మన ఊరి వానకు మూడు రెట్లకు పైమాటే. ఈ అంకెలన్నీ నేను ఒక కాగితం మీద రాసి ఉత్సాహంగా మా ఆవిడకు చూపించాను. ఆమె కాగితం చూడలేదు. "మీరు వెళ్ళి రండి. నేను వాడింట్లో పిల్లల దగ్గర ఉంటాను" అన్నది.

కారణం నాకు తెలుసు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడినప్పుడు ఆమెకు పదిహేడేళ్ళు. కోడూరు దగ్గరి వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో ఆ రాత్రి బంధువులు ఐదుగురు పోయారు. వారిలో ఆమె తమ్ముడొకడు. ఆ ఉప్పెనలో పోయినవారు పదివేలమంది ఉంటారని ఒక లెక్క. నేనప్పుడు గుంటూరు వైద్య కళాశాల నుంచి కొత్తగా పట్టా పుచ్చుకుని, సహాయ బృందంతో అవనిగడ్డ వైపు వెళ్ళాను. నీరు తీసిన పొలాలలో చూసినవి ఇక్కడ రాయను. మా వివాహం ఆ తరువాత రెండేళ్ళకు జరిగింది. ఇన్నేళ్ళలో ఆమె మాఘ పౌర్ణమికి హంసలదీవి సంగమ స్నానానికి రాలేదు. పిల్లల్ని మంగినపూడి తీసుకువెళితే సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది.

నేను వైద్యుడిని కదా, హేతువులు చెప్పబోయాను. మన తీరం పళ్ళెంలా సమతలం, సముద్రగర్భం లోతు తక్కువ, అందువల్లనే తుపాను గాలి తోసిన నీరు మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. అక్కడ కొండలు నిట్టనిలువుగా లోతు నీటిలోకి దిగి ఉంటాయి, అలాంటి ఉప్పెన రాదు అని వివరించాను. అంతా విని, "నేను అడిగింది అది కాదు" అన్నది. భయంతో వచ్చే రోగికి శరీరశాస్త్రం పాఠం చెప్పి పంపిన వైద్యులం చాలామందిమి ఉన్నాము. ఇంట్లో కూడా అదే పని చేశాను.

దారి చూపింది మా కోడలు పంపిన పటం. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి పక్కన, విశాలమైన పసిఫిక్ మహాసముద్రం మీదుగా పోతాయి. వాంకూవర్ నుంచి బయలుదేరేవి ఆ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ నడుమ ఉన్న జలసంధి గుండా పోతాయి. ఇన్‌సైడ్ పాసేజ్ అని పిలిచే ఈ మార్గంలో దీవులు గోడల్లా అడ్డుండటం వల్ల అలల తాకిడి తక్కువ. మా ఆవిడ ఆ పటాన్ని వంటింటి బల్ల మీద నాలుగు రోజులు ఉంచుకున్నది. ఐదో రోజున, "దారి పొడుగునా ఒడ్డు కనబడుతుందా?" అని అడిగింది. చాలావరకు కనబడుతుంది, క్వీన్ షార్లెట్ సౌండ్ అనే చోట మాత్రం కొన్ని గంటలపాటు పడమట తెరిచిన సముద్రమే ఉంటుంది అని ఉన్నమాట చెప్పాను. "ఆ కాసేపు కళ్ళు మూసుకుంటాను" అన్నది. అలా ప్రయాణం నిశ్చయమైంది.

ఇక్కడొక లౌకిక విషయం. వాంకూవర్ నుంచైనా సియాటిల్ నుంచైనా కెనడా వీసా గొడవ తప్పదు. విదేశీ జెండా గల ఓడలు అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేసేటప్పుడు నడుమ ఒక పరదేశపు రేవును తాకి తీరాలని 1886 నాటి అమెరికా చట్టం ఉంది. అందుకే సియాటిల్ ఓడలు కూడా విక్టోరియా వంటి కెనడా రేవులో ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా వేరుగా కావాలి. తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలి కనుక అమెరికా వీసా ఒకసారికి మించి ప్రవేశించేందుకు వీలున్నదై ఉండాలి. దీన్ని మరచి ఓడ టిక్కెట్లు ముందు కొన్నవారున్నారు. వేలిముద్రలకని మేము హైదరాబాద్ వెళ్ళి వచ్చాము.

ఇక ఆరోగ్యం సంగతులు. సముద్రయానంలో వాంతులు, తల తిప్పుట చాలామందికి కలుగుతాయి. లోచెవిలోని అర్ధవృత్తాకార నాళికలు దేహం కదులుతోందని చెబుతుంటే, గది గోడలను చూసే కళ్ళు కదలడం లేదని చెబుతాయి. ఆ తగవు మెదడుకు చేరి వికారం పుడుతుంది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులలో గది తీసుకుంటే ఊపు తక్కువ. దూరాన దిగంతరేఖను చూస్తూ కూర్చుంటే కొంత నెమ్మది. మన ఇళ్ళలో బస్సు ప్రయాణానికి వేసుకునే అవోమిన్ మాత్ర ఉన్నది చూశారా, అది వయసు మళ్ళినవారికి అంత సాధువు కాదు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులకు మూత్రం బిగబట్టవచ్చు. కొన్ని రకాల నీటికాసుల వ్యాధి ఉన్నవారికి కంటిలో పీడనం పెరగవచ్చు. తికమక, మగత కలిగి, రాత్రి స్నానాలగదికి లేచినప్పుడు పడిపోవచ్చు. ఊగే ఓడలో తుంటి ఎముక విరిగితే ఏమి సుఖం? నాకు ప్రోస్టేట్ బాధ ఉంది, మందు వాడుతున్నాను. కనుక మాకు మధ్య గది, అల్లం మురబ్బా.

అంతకంటె ముఖ్యమైనది చేతుల శుభ్రత. ఓడలలో వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ ఒకరి నుంచి మరొకరికి వేగంగా పాకుతుంది. చేతికి రాసుకునే సారాయి ద్రావకాలు దాని మీద సరిగా పనిచేయవు. సబ్బూ నీరూ కావాలి. భోజనశాలలో అందరూ పట్టుకున్న గరిటెలతోనే మనమూ వడ్డించుకుంటాము, తరువాత చేత్తో కలుపుకు తింటాము. కాబట్టి వడ్డన అయ్యాక, తినబోయే ముందు మరొకసారి కడుక్కోవాలి. ఇన్‌ఫ్లుయెంజా చలికాలపు జబ్బని తేలికగా తీసుకోకండి. 1998 వేసవిలో అలాస్కా, యూకాన్ ప్రాంతాల యాత్రికులలోనే అది చెలరేగింది. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందే టీకా వేయించుకోవాలి.

మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. అవి మందుల అసలు పేర్లతో రాసిన చీటీతో ఉండాలి. మన పారాసిటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, అలాంటప్పుడు డోలో అంటే ఎవరికి తెలుస్తుంది? వేసవిలో సియాటిల్ గడియారం మనకు పన్నెండున్నర గంటలు వెనుక. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు మోతాదుల వేళలను ముందే తమ వైద్యునితో మాట్లాడి రాసిపెట్టుకోవాలి. విమానంలో గంటకొకసారి లేచి నడవాలని మీకు ఇదివరకే రాశాను, మళ్ళీ చెప్పను.

ఇప్పుడు నేను దాటవేస్తూ వచ్చిన సంగతి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం మా అబ్బాయి ఫోనులో ప్రయాణ బీమా పత్రంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతున్నాడు, నేను జవాబులు చెబుతున్నాను. రక్తపోటు ఉందా? ఉంది. మధుమేహం? నాకు లేదు, మీ అమ్మకు ఉంది. ఛాతీలో నొప్పి, బిగువు, నడిస్తే ఆయాసం? "లేవు" అన్నాను. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా ఆవిడ తల ఎత్తకుండానే, "పొద్దున నడకలో కాలువ వంతెన ఎక్కగానే ఎందుకు ఆగుతున్నారో వాడికి చెప్పండి" అన్నది.

నేను ఆగుతున్నమాట నిజం. ధనుర్మాసపు మంచులో మొదలైంది. వంతెన ఎక్కేసరికి రొమ్ము మధ్య ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టు ఉండేది. రెండు నిమిషాలు పిట్టగోడను ఆనుకుని కాలువలోకి చూస్తూ నిలబడితే పోయేది. గ్యాస్ అనుకున్నాను. మిత్రులారా, నా జీవితంలో కొన్ని వందలమంది చేత ఆ మాట విని, అది గ్యాస్ కాదని చెప్పినవాడిని నేను. శ్రమతో వచ్చి, ఆగితే తగ్గి, చల్లగాలిలోను, కడుపునిండా తిన్న తరువాతను త్వరగా వచ్చే బిగువు హృద్ధమనులదే అని అనుమానించాలి. ఇది నేను కొత్త వైద్యులకు బోధించిన పాఠం. దానికి తోడు నెలరోజులు పాంటాప్ మాత్రలు వేసుకున్నాను.

చలి ఏమి చేస్తుందో చెబుతాను. చల్లగాలి తగలగానే దేహంలోని వేడిని కాపాడటానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. దానివల్ల రక్తపోటు పెరిగి గుండెకు పని భారమవుతుంది. సంకోచించి ఉన్న హృద్ధమనులు ఆ పనికి చాలినంత రక్తాన్ని అందించలేవు. విజయవాడ డిసెంబరు తెల్లవారు జామున చలి ఎంత? పద్దెనిమిది, పందొమ్మిది డిగ్రీలు. ఆ మాత్రానికే వంతెన మీద ఆగినవాడు హిమానీనదం మీదుగా వచ్చే గాలిలో ఓడ పైఅంతస్తున నిలబడదలచుకున్నాడు. ఓడలో వైద్యుడు, నర్సులు, ఇ.సి.జి., గుండె ఆగితే కొట్టే డీఫిబ్రిలేటర్ ఉంటాయి. మూసుకున్న ధమనిని తెరిచే యాంజియోప్లాస్టీ ఉండదు. జూనోకు బయటి నుంచి రోడ్డు కూడా లేదు, విమానమో పడవో కావాలి. అక్కడి నుంచి సియాటిల్ పద్నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇవన్నీ తెలిసే "లేవు" అన్నాను.

ఎందుకన్నానో ఆలోచించాను. ప్రయాణం ఆగిపోతుందని కొంత. నలభై ఏడేళ్ళ భయాన్ని పక్కన పెట్టి మా ఆవిడ ఒప్పుకున్నాక నేను అడ్డం తిరగడమా అని కొంత. అసలు కారణం ఇంకొకటి. పరీక్షబల్లకు ఇవతల నిలబడటం అలవాటైనవాడికి దాని మీద పడుకోవడం కష్టం. ఆ రాత్రి మా ఆవిడ ఒక్క మాటే అన్నది: "నాకు దేనికి భయమో నేను చెప్పాను కదండీ."

మరునాడు నా శిష్యుడైన ఒక హృద్రోగ నిపుణుని దగ్గరకు వెళ్ళాము. ట్రెడ్‌మిల్ మీద ఐదో నిమిషంలోనే ఆపివేశాడు. ఆ వారంలోనే ముంజేతి ధమని గుండా యాంజియోగ్రామ్ చేస్తే, ఎడమ హృద్ధమని శాఖలో ఎనభై శాతం సంకోచం కనిపించింది. స్టెంట్ అమర్చారు. నా చేతికింద చదువుకున్నవాడు నన్ను మందలించకుండా ఊరుకోవడమే నాకు మందలింపు అయింది. జూన్ ప్రయాణాన్ని మా అబ్బాయి ఏడాది వాయిదా వేయించాడు.

ఇప్పుడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాను. వంతెన మీద ఆగడం లేదు. ఈ ఏటి ధనుర్మాసంలోనూ ఆగలేదు. కొత్త బీమా పత్రంలో స్టెంట్ తేదీతో సహా అన్నీ రాశాము. రుసుము ఎక్కువే అడిగారు, ఉన్న జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో రాతలో తెప్పించుకున్నాము. జబ్బు దాచి తీసుకున్న బీమా అవసరమైన వేళ చెల్లకపోవచ్చు కనుక మీరూ ఈ పని చేయండి. ఒకటే మందపు కోటు కాక పొరలు పొరలుగా వేసుకునే ఉన్ని దుస్తులు, వాన ఆపే పై అంగీ, చెవులు మూసే టోపీ, ముక్కుకు అడ్డంగా కట్టుకునే మఫ్లరు కొన్నాము. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రలు నా చొక్కా జేబులో ఉంటాయి. ఆ జేబుకు బొత్తాం కుట్టింది మా ఆవిడే.

నిన్న రాత్రి ఆమె మా అబ్బాయితో గది ఏ వైపు తీసుకోవాలో మాట్లాడుతున్నది. జలసంధిలో రెండు వైపులా ఒడ్డు కనబడుతుందమ్మా, ఏదైనా ఒకటే అన్నాడు వాడు. ఆ క్వీన్ షార్లెట్ దగ్గర ఒడ్డు ఉండే వైపు ఏదో చూసి చెప్పమన్నది. వెళ్ళేటప్పుడు కుడివైపు అని చెప్పాడు. ఆ గదే తీసుకున్నాము.