సరిగ్గా పదిహేడు

మా నాన్నకు జావా అంటే ఏమిటో తెలీదు. నా ప్రోగ్రాములో తప్పు పట్టినవాడు మాత్రం ఆయనే. నవ్వకండి, జరిగిందే రాస్తున్నాను.

పాతపట్నం దగ్గర, మహేంద్రతనయ ఒడ్డున మాకు రెండున్నర ఎకరాల వరి. కిందటేడు ధాన్యం అమ్మినప్పుడు తేమ మీటరు 17 చూపించింది. ప్రభుత్వ కొనుగోలు నిబంధన 17 శాతం దాకా ఒప్పుకుంటుంది. కొన్నాయన మాత్రం "పదిహేడు వచ్చేసింది గదా" అని తరుగు తీసేశాడు. నాన్న మారు మాట్లాడకుండా బండి తోలుకొచ్చేశాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ సరిగ్గా అన్నం తినలేదు.

ఈ ఏడు ప్రాక్టికల్సుకి ఏదైనా ప్రోగ్రాము రాయమంటే ధాన్యం లెక్కే ఎంచుకున్నాను. బరువూ తేమా అడుగుతుంది. తరుగెంతో, రైతు చేతికి ఎంతో చెబుతుంది. పరీక్షించడానికి ప్రతిసారీ అంకెలు కొట్టేవాణ్ణి. పదోసారికి విసుగొచ్చి "బాగానే ఉందిలే" అనుకునేవాణ్ణి. మా లెక్చరరు గారు చూసి, "కీబోర్డు దగ్గర నువ్వెందుకోయ్? నీ బదులు ఒక వేషగాణ్ణి కూర్చోబెట్టు" అన్నారు.

ఆ వేషగాణ్ణే మాక్ అంటారు. చేలో గడ్డిబొమ్మ మనిషి కాదు గాని, పిట్ట కంటికి మనిషే. స్కానర్ ఫైనల్ క్లాసు. పాత మాకిటో మామూలుగా దానికి వేషం కట్టలేదు. 2023లో వచ్చిన అయిదో వెర్షను నుంచి కడుతోంది. అయినా సారు సలహా మీద తేమమీటరు అని సొంత ఇంటర్‌ఫేసు ఒకటి రాసి, ప్రోగ్రాము దాన్నే అడిగేటట్టు మార్చాను. థెన్‌రిటర్న్ అని 14, 19 ఇస్తే, మొదట అడిగినప్పుడు 14, తర్వాత 19 చెబుతుంది. ఇంకా అడిగితే 19నే వల్లిస్తుంది. ఈ ఆఖరి సంగతి తెలీక ఒక రాత్రంతా పాడుచేసుకున్నాను. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జూరిచ్ నుంచి అట్లాంటా వెళ్ళే విమానంలో కూచుని మొదటి జేయూనిట్ రాశారట!

రెండు పరీక్షలూ పచ్చగా వచ్చాయి. ఆనందం పట్టలేక నాన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన విత్తనాలు గోనెగుడ్డలో మూట కడుతున్నాడు. నూరు గింజలు తడిపి, ఎన్ని మొలుస్తాయో చూడ్డానికి. బస్తా అడుగునుంచి కొన్ని, నడిమినుంచి కొన్ని, పైనుంచి కొన్ని తీస్తాడు. తెర వైపు చూడకుండానే అడిగాడు.

"ఏటేటిచ్చావురా?"

"పద్నాలుగు, పంతొమ్మిది."

"పద్నాలుక్కి ఎవుడూ పేచీ పెట్టడు. పంతొమ్మిదికి మనవే నోరెత్తం. సరిగ్గా పదిహేడొస్తే నీ మిసను ఏటంటాది?"

నా దగ్గర జవాబు లేదు. జేయూనిట్ అయిదులో ఒకే పరీక్షకి అంకెల పట్టిక ఇవ్వొచ్చు. 16.9, 17, 17.1 చేర్చి నడిపాను. 17 దగ్గర ఎర్రబడింది. చూద్దును గదా, "17 కంటె ఎక్కువైతే" అనవలసిన చోట "17 గాని, అంతకెక్కువ గాని అయితే" అని రాసి ఉంది. ఆ కొన్నాయన తీసిన తరుగే, నా చేత్తో నేను రాశాను. పైగా పచ్చరంగు చూసి మురిసిపోయాను.

సమానం గుర్తు ఒక్కటి చెరిపేశాను. పట్టిక ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చగా మారింది.

"తప్పు దొరికిందేట్రా?" అన్నాడు నాన్న, మూట ముడి బిగిస్తూ.

"దొరికింది నాన్నా."

ఏ తప్పో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇది చదివించి చెప్పాలి.