డిగ్నాబాద్ నుంచి మంచు దేశాలకు

చలికాలంలో యూరప్ చూడాలనుకునే అండమాన్ తెలుగువారు గ్రూప్ టూర్‌ను ఎంచుకునే ముందు లెక్కపెట్టాల్సింది దేశాలను కాదు, పగటి గంటలను

డిసెంబర్‌లో డిగ్నాబాద్‌లో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. అదే నెలలో పారిస్‌లోనూ దాదాపు అదే వేళకు సూర్యుడు అస్తమిస్తాడు. పోలిక అక్కడితో సరి. డిగ్నాబాద్‌లో ఆరు కాకముందే తెల్లవారుతుంది. పారిస్‌లో వెలుగు చూడాలంటే ఎనిమిదిన్నర దాటాలి. ఇక్కడ ఏడాదిలోకెల్లా పొట్టి పగలు పదకొండు గంటల పైమాటే. అక్కడ ఎనిమిది గంటల పావు. పైగా ఏ చలికాలమైనా పాదరసం 20 డిగ్రీల దిగువకు జారడం అరుదైన ఊరి నుంచి, నీళ్ళు గడ్డకట్టే ఊళ్ళకు వెళ్ళాలి.

డిగ్నాబాద్ అండమాన్ రాజధానిలోని ఓ పేట. ఆ రాజధానికి 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మార్చినా, పోర్ట్ బ్లెయిర్ అంటేనే చాలామందికి తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం 3.8 లక్షల మంది ఉన్న ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవారే వీరిలో ఎక్కువ. ఓడలో రెండున్నర, మూడు రోజులు ప్రయాణం చేసి ఇక్కడికి చేరిన తరం పిల్లలు ఇప్పుడు విమానాల్లో తిరుగుతున్నారు. ఉద్యోగ విరమణ డబ్బు చేతికొచ్చాక ఒక్కసారైనా యూరప్ చూసి రావాలనుకునే దంపతులకు మొదట తట్టేది గ్రూప్ టూరే. వీసా, విమానం, హోటల్, బస్సు, పప్పన్నం అన్నీ ఒకే రసీదులో వస్తాయి.

గ్రూప్ టూర్ అంటే ఏమిటో ద్వీపవాసికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నవంబర్ నుంచి మార్చి దాకా కళ్ళెదుటే కనిపిస్తుంది. సెల్యులార్ జైలు ముందు బస్సు ఆగుతుంది, గైడ్ చెయ్యెత్తుతాడు, గంటలో అంతా మళ్ళీ బస్సెక్కుతారు. బారాటాంగ్ వెళ్ళేవారు చీకటితోనే లేచి జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్‌లో వరుస కట్టాలి. సముద్రం పోటెత్తి స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్) పడవ రద్దయితే అయిదు రోజుల కార్యక్రమం మొత్తం తారుమారవుతుంది. అప్పుడే తేలుతుంది ఏ టూర్ ఎలాంటిదో. ఒక కంపెనీ మనిషి మరో పడవ, మరో గది చూసే పనిలో ఫోను దించడు. ఇంకో కంపెనీ మనిషి ఫోనే ఎత్తడు. యూరప్ చలికాలానికి టూర్ ఎంచుకునే డిగ్నాబాద్ వాసికి ఈ దృశ్యాన్ని మించిన బ్రోషర్ లేదు. అక్కడ పడవకు బదులు కేబుల్ కారు ఆగుతుంది, అలలకు బదులు మంచు తుపాను వస్తుంది. తేడా అంతే.

నిజానికి చలికాలపు యూరప్‌కు సొంతంగా వెళ్ళడం కన్నా అన్నీ కుదిర్చిన టూర్‌లో వెళ్ళడమే మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకు మంచిది. కారణం ఈఫిల్ టవరూ కాదు, ఆల్ప్స్ కూడా కాదు. నాలుగున్నరకు చీకటి పడ్డ పరాయి ఊళ్ళో, జారే రాతి బాట మీద రెండు సూట్‌కేసులు లాగుతూ హోటల్ వెతుక్కోవాల్సిన పని తప్పడం. ఆ ఒక్క సౌకర్యం కోసమే అదనపు డబ్బు ఇచ్చామనుకున్నా నష్టం లేదు. అయితే డబ్బు కట్టించుకున్న ప్రతి కంపెనీ ఆ సౌకర్యం ఇస్తుందని లేదు. కొన్ని బస్సులు ఊరి మధ్య హోటళ్ళకు వెళ్తాయి. కొన్ని ఊరికి 30, 40 కిలోమీటర్ల అవతల హైవే పక్క హోటళ్ళకు చేరుస్తాయి. బ్రోషర్‌లో హోటల్ పేరు పక్కన ‘లేదా అదే స్థాయిది’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేసవిలో అయితే రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది కాబట్టి ఎలాగో సర్దుకోవచ్చు. చలికాలంలో హైవే హోటల్ అంటే సాయంత్రం అయిదు నుంచి మర్నాడు ఎనిమిది దాకా గదిలో ఖైదే.

‘పది రోజులు, ఏడు దేశాలు’ అన్న ప్రకటన ఈ లెక్కలోనే బోల్తా కొడుతుంది. డిసెంబర్ చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో పగలు ఏడున్నర గంటల పైచిలుకు, రోమ్‌లో తొమ్మిది గంటలు. ఏడు దేశాలంటే ఆ కాస్త వెలుగులో సగం బస్సు అద్దంలోంచే చూడాలి. డ్రైవరు వేగం పెంచి సమయం కలిసొచ్చేలా చేస్తాడనుకోవడానికీ లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక బస్సు డ్రైవరు 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం పది గంటలకు మినహాయింపు. యంత్రం అన్నీ నమోదు చేస్తుంది. రెండు నిమిషాలు ఆగమని బతిమాలితే మన ఊరి డ్రైవరు ఆగుతాడేమో, అక్కడ కుదరదు. కాబట్టి రెండు, మూడు దేశాలతో ఆగిపోయే టూర్‌నే ఎంచుకోవాలి. వెలుగు కాస్త ఎక్కువ కావాలంటే ఇటలీ వైపు మొగ్గాలి. మంచే కావాలంటే స్విట్జర్లాండ్‌లో కనీసం మూడు రాత్రులు ఒకే ఊళ్ళో ఉంచేది చూసుకోవాలి.

మూడు రాత్రులు ఎందుకంటే, కొండ మీదికి వెళ్ళాల్సిన రోజున గాలి వీస్తే మర్నాడు వెళ్ళడానికి. 1912లో రైలు వేసిన యుంగ్‌ఫ్రావ్‌యోక్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ జంట అట్టబొమ్మ పక్కన భారతీయులు ఫోటోలు దిగే టిట్లిస్‌కు గిరగిర తిరిగే కేబుల్ కారు ఉంది. రెండూ వాతావరణానికి లొంగేవే. ‘ఆ రోజు కేబుల్ కారు నడవకపోతే ఏం చేస్తారు, డబ్బు తిరిగిస్తారా?’ ఈ ప్రశ్న అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. పడవ టికెట్ల విషయంలో అలవాటైన ప్రశ్నే కాబట్టి అండమాన్ వాసికి అడగడానికి మొహమాటం ఉండకూడదు.

బ్రోషర్ భాష కూడా నేర్చుకోవాలి. ‘ఎంట్రీ’ అంటే టికెట్ కొని లోపలికి తీసుకెళ్తారు. ‘ఫోటో స్టాప్’ అంటే పది నిమిషాలు దిగి ఫోటో తీసుకోవడం. ‘పనోరమిక్ టూర్’ అంటే బస్సు దిగకుండానే చూడటం. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. మంగళవారం పారిస్‌లో ఉండే గ్రూపుకు బయటి గాజు పిరమిడ్డే దక్కుతుంది. నెదర్లాండ్స్‌లో తులిప్ పూల తోట కోయ్‌కెన్‌హోఫ్ మార్చి మూడో వారం నుంచి మే నడిమి దాకా మాత్రమే తెరుస్తారు. సినిమా పాటల్లో చూసిన పూల కోసం డిసెంబర్‌లో వెళ్తే బురద కనిపిస్తుంది. చలికాలం సొగసు వేరే ఉంది: క్రిస్మస్ సంతలు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ సంత 1570 నుంచి, జర్మనీలోని డ్రెస్‌డెన్ సంత 1434 నుంచి ఉన్నాయి. అయితే ఇవి ఎక్కువ చోట్ల డిసెంబర్ 24 నాటికి మూసేస్తారు. క్రిస్మస్ సెలవుల్లో అని 25న బయల్దేరే టూర్‌ను ఎంచుకుంటే, చాలా ఊళ్ళలో ఖాళీ చెక్క గుడిసెలూ, తలుపులు మూసిన దుకాణాలూ స్వాగతం చెబుతాయి. డిసెంబర్ మొదటి రెండు వారాలే మేలు. దీవుల్లో టూరిస్టుల మీద బతికేవారికి మాత్రం అప్పుడే గిరాకీ. వాళ్ళ యూరప్ మరో కాలానికి వాయిదా పడాల్సిందే.

ఇక అసలు చిక్కు యూరప్‌లో లేదు, పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో ఉంది. షెంగెన్ వీసాకు వేలిముద్రలు ఇవ్వాలి. ఆ కేంద్రం దీవుల్లో లేదు. చెన్నై, హైదరాబాద్ లాంటి చోటికి ఓసారి వెళ్ళి రావాలి. అంటే టూర్ ధర కాక ఇద్దరికి రానుపోను విమాన ఛార్జీ, హోటల్ ఖర్చు. 29 దేశాలకు చెల్లే ఈ వీసా రుసుం 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తును ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు కాబట్టి, వానాకాలంలోనే వెళ్ళి ఆ పని ముగించుకోవడం తెలివైన పని. లండన్ కూడా ఉన్న టూర్ అయితే బ్రిటన్ వీసా వేరు, రుసుమూ వేరు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు షెంగెన్ వ్యవస్థలో 59 నెలలు పనికొస్తాయి.

గ్రూపు బయల్దేరేది హైదరాబాద్ నుంచో, ముంబై నుంచో. అక్కడి దాకా చేరడం ప్రయాణికుడి బాధ్యతే. దీవి నుంచి ఎక్కిన విమానం ఆలస్యమై గ్రూపు వెళ్ళిపోతే, వేరు టికెట్ల మీద ప్రయాణించేవారికి ఎవరూ జవాబుదారీ కారు. లక్షల్లో కట్టిన డబ్బు ఆ కొద్ది గంటల్లో గల్లంతవుతుంది. ఒక పూట కాదు, పూర్తిగా ఒక రోజు ముందే చేరాలి. హోటల్ గదికి అయ్యే ఖర్చును టూర్ ధరలో భాగంగానే చూడాలి. డబ్బు కట్టే ముందు కంపెనీ ఆరోగ్యం గురించీ ఆరా తీయాలి. 1841లో గ్రూప్ ప్రయాణాలకు శ్రీకారం చుట్టిన థామస్ కుక్ పేరుతో నడిచిన బ్రిటన్ కంపెనీయే 2019 సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి మూతపడింది. విదేశాల్లో చిక్కుకున్న దాదాపు లక్షన్నర మందిని బ్రిటన్ ప్రభుత్వం వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. (అదే పేరున్న భారతీయ కంపెనీ 2012 నుంచే వేరు యాజమాన్యం కింద ఉంది, దానికి ఏమీ కాలేదు.) మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒక మేలు చేసింది. ఫిర్యాదు చేయడానికి కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు, తాము నివసించే జిల్లాలోనే చేయవచ్చు. సముద్రం దాటాల్సిన వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

తిండి గురించి బెంగ అక్కర్లేదు. పెద్ద కంపెనీలు రాత్రిపూట భారతీయ భోజనం పెట్టిస్తాయి, కొన్ని వంటవాళ్ళనే వెంట తీసుకెళ్తాయి. సొంత సరుకు పట్టుకెళ్ళాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. నెయ్యి సీసా విమానాశ్రయంలోనే ఆగిపోతుంది. ఎండు చేపలకు మాత్రం పరిమితిలో అనుమతి ఉంది. తీరాంధ్ర మూలాలున్న కుటుంబాలకు ఇది శుభవార్తే గానీ, మూసిన కిటికీల బస్సులో తోటి నలభై మంది ఏమంటారన్నది వేరే సంగతి.

బట్టల్లో ఒక్క లావుపాటి కోటు కన్నా పలచటి పొరలు మూడు మేలు. బూట్లకు జారని అడుగు ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు రోజుకు ఎంత దూరం నడిపిస్తారో ముందే అడగాలి. వేలిముద్రలకు వెళ్ళినప్పుడే ఇవన్నీ కొనుక్కోవచ్చు. తిరిగొచ్చాక ఆ కోటు ఎక్కడ దాచాలన్నది మాత్రం ఏ టూర్ మేనేజరూ తీర్చలేని సమస్య. దీవుల తేమకు ఉన్ని బూజు పట్టకుండా ఉండదు. చెన్నైలోనో, విశాఖలోనో చుట్టాలింట్లో వదిలేసి విమానం ఎక్కడమే దారి.