ఖిదిర్‌పూర్ చెంత సరీసృపాల లోకం

ఎల్.టి.సి.పై కోల్‌కతా వెళ్లే మన ఉద్యోగ మిత్రులు సాధారణంగా కాళీఘాట్, దక్షిణేశ్వరం, విక్టోరియా స్మారక భవనం చూసి, సమయం మిగిలితే జంతు ప్రదర్శనశాలకు వెళ్తారు. ఖిదిర్‌పూర్‌లో బంధువుల ఇంట బస చేసిన మాకు మాత్రం అదే మొదటి దర్శనీయ స్థలమైంది. పిల్లల దసరా సెలవులలో విశాఖ నుండి బయలుదేరి, రైలు దిగిన మరునాడే మేము సకుటుంబంగా అక్కడికి వెళ్లాము.

ఖిదిర్‌పూర్ హుగ్లీ నదీతీరాన ఉన్న పాత రేవు ప్రాంతం. ఇక్కడి నౌకాశ్రయం 1892లో వాడుకలోకి వచ్చింది. నగరంలో తొలి విద్యుత్ ట్రాము 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుండి ఇక్కడికే నడిచింది. ఇక్కడికి తూర్పున, నడిచి వెళ్లదగిన దూరంలోనే అలీపూర్ జంతు ప్రదర్శనశాల ఉంది. దీనిని 1876 జనవరి 1న నాటి వేల్స్ యువరాజు ప్రారంభించాడు. కోల్‌కతాలో ఇటువంటి ఉద్యానం కావాలని 1867లోనే ప్రతిపాదించిన వారిలో జోసెఫ్ ఫేరర్ అనే వైద్యుడు ముఖ్యుడు. భారతదేశపు విషసర్పాలపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1872లో వెలువడింది.

పులులను, ఏనుగులను చూసిన పిమ్మట సరీసృపాల గృహంలో ప్రవేశించాము. బయటి ఎండ నుండి లోపలికి రాగానే కొంతసేపు కళ్లకు ఏమీ ఆనలేదు. క్రమంగా అద్దాల వెనుక ఒక్కొక్క ప్రాణీ గోచరించింది. చుట్టలు చుట్టుకొని నిశ్చలంగా పడి ఉన్న కొండచిలువను చూసి, అది బొమ్మ అని మా చిన్నవాడు తీర్మానించాడు. అది నాలుక చాపగానే వాడు వాళ్ల బామ్మగారి కొంగు చాటుకు చేరాడు. ఆమె మాత్రం నాగుపాము ఎదుట చేతులు జోడించి నిలబడ్డారు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసే ఇల్లు మాది. బెంగాలీలు మనసాదేవిని సర్పాల అధిదేవతగా కొలుస్తారని బంధువులు చెప్పగా ఆమె ఎంతో సంతోషించారు. పాములు పాలు త్రాగవని మా పెద్దమ్మాయి పాఠం అప్పగించినా, ఆమె భక్తి ఏమీ సడలలేదు!

పసుపు, నలుపు పట్టెలతో మెరిసే ఒక పామును బెంగాలీలు శాంఖాముటి అంటారు. దాని శాస్త్రీయ నామం ‘బుంగారస్ ఫేసియేటస్’. ఇందులో ‘బుంగారస్’ అన్నది మన ‘బంగారు పాము’ నుండి పుట్టిన మాటే. మన మాట అంత దూరం ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు సమాధానం విశాఖపట్నంలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో అక్కడ నివసించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, స్థానికులు చెప్పిన పేర్లతో సహా 1796లో గ్రంథంగా ప్రకటించాడు. మన రక్తపింజర అందులో ‘కాటుక రేకుల పొడ’గా కనిపిస్తుంది. నేడు ప్రపంచం దానిని రస్సెల్ పేరుతోనే పిలుస్తోంది. పేరులేని మన పల్లెవాసులు చెప్పిన మాట శాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోవడం మాకు గర్వకారణమనిపించింది.

కట్లపాము ఎదుట మాత్రం మా అందరి మాటలూ ఆగిపోయాయి. మా స్వగ్రామంలో నేలపై నిద్రించిన ఒక రైతును రాత్రివేళ ఈ పామే కరిచింది. నొప్పి, వాపు పెద్దగా లేకపోవడంతో ఇంటివారు మంత్రం వేయించి ఊరుకున్నారు. తెల్లవారేసరికి ఆయన కనురెప్పలు వాలిపోయాయి, మాట పడిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయింది. కట్లపాము, నాగుపాముల విషం నరాలను స్తంభింపజేస్తుంది. పింజరల విషం రక్తం గడ్డకట్టే శక్తిని హరిస్తుంది. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న ఎనిమిది రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. వాటిలో సగం వానకాలంలోనే సంభవిస్తున్నాయి.

ఇందులో విషాదమేమంటే, చికిత్స ఉండి కూడా ఇన్ని ప్రాణాలు పోవడం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషానికీ విరుగుడుగా పనిచేసే ఇంజెక్షను మన దేశంలోనే తయారవుతోంది. కాటు పడితే గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టు కట్టరాదు. ఎముక విరిగినప్పటివలె ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టుకొని వెంట తీసుకువెళ్లే ప్రయత్నం చేయనవసరం లేదు.

వెలుపలికి వచ్చాక అద్వైత గురించి పిల్లలకు చెప్పాము. రాబర్ట్ క్లైవ్ పెంచినదని ప్రతీతి గల ఆ మహాకూర్మం ఈ ఉద్యానంలోనే 2006 మార్చిలో కన్నుమూసింది. దాని వయస్సు 250 ఏళ్లకు పైబడి ఉంటుందని అంటారు.

కోల్‌కతా వెళ్లే మిత్రులు పిల్లలతో సహా ఈ గృహాన్ని తప్పక దర్శించగలరు. గురువారం సెలవు. అద్దాలపై తట్టకుండా, నిదానంగా చూస్తే ఒక గంట చాలు. మన కాలనీలలో ఏటా వానలకు పాములు కనిపించగానే కర్రలు లేస్తున్నాయి. ఎలుకలను తిని మేలు చేసే జెర్రిపోతులు కూడా ఆ దెబ్బలకు బలవుతున్నాయి. ఏది విషసర్పమో, ఏది కాదో పిల్లలకు తెలిస్తే అటు పాములకూ, ఇటు మనకూ క్షేమం.