సంచుల కాపలా లేని పెళ్లిరోజు

మొదటి పెళ్లిరోజంటే ఎవరికైనా ముద్దే కదండీ! మా కాలంలో గుడికెళ్లి అర్చన చేయించుకుని, ఇంటికొచ్చి పాయసం తాగితే పండగైపోయేది. ఇప్పటి పిల్లలకి అది సరిపోదు, సరిపోవాలనీ లేదు. మా అబ్బాయి ఓ రాత్రి అన్నం తింటూ మెల్లగా చెప్పాడు. "అమ్మా, పెళ్లిరోజుకి వండర్‌లా పోదామనుకుంటున్నం."

నేనేమన్నానో తెలుసా? "పోదాం పద. ఎంతమందిమి? పులిహోరకి ఎన్ని గ్లాసుల బియ్యం పెట్టను?" అనేశాను.

కోడలు తలొంచుకుని పప్పు కలుపుకుంటోంది. అబ్బాయి అవసరం లేకపోయినా గ్లాసెడు నీళ్లు తాగాడు. మావారు నావైపు చూసి, మళ్లీ కంచంలోకి చూసుకున్నారు. ఆ తర్వాతగానీ నాకు వెలగలేదు. వాళ్లు పోదామనుకున్నది ఇద్దరే!

నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది. మేముండేది జల్‌పల్లిలో. చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే ఎర్రకుంట, షాహీన్‌నగర్, ఆపైన పహాడీ షరీఫ్ వస్తాయి. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా దూరం నుంచే కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కలదే మా ఊరు, మా చెరువు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చాక మాకు విమానాల చప్పుడూ అలవాటైంది. 2016 ఏప్రిల్‌లో రావిర్యాల దగ్గర వండర్‌లా తెరిచారు. అదే శ్రీశైలం రోడ్డున తుక్కుగూడ దాకా పోయి ఎడమకి తిరిగితే వచ్చేస్తుంది, ఖాళీ రోడ్డయితే అరగంట ప్రయాణం. ఇంత దగ్గరున్నా నేనొక్కసారీ చూడలేదు. ఈ వంకనైనా చూద్దామనుకున్నాను మరి!

ఆ రాత్రి నిద్రపట్టక నా మొదటి పెళ్లిరోజు గుర్తు చేసుకున్నాను. 1999వ సంవత్సరం. ఎక్కడికైనా తీసుకెళ్లమని మావారిని అడగడానికే నాకు వారం పట్టింది. బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జూ పార్కుకి పోదామన్నారు. 1963లో తెరిచిన ఆ పార్కే మా పాతబస్తీ వైపు వాళ్లందరికీ ఊటీ, కొడైకెనాలూనూ. పొద్దున బయల్దేరేసరికి మేం పదకొండు మందిమి! అత్తగారు, మామగారు, ఆడపడుచులు, వాళ్ల పిల్లలు. తెల్లవారుజామున లేచి పులిహోర, పెరుగన్నం, గారెలు నేనే చేశాను. పార్కులో అందరూ సింహాల సఫారీకని వెళ్తుంటే "ఈ సంచుల దగ్గరెవరుంటరు?" అన్న ప్రశ్న వచ్చింది. ఎవరుంటారు? కొత్త కోడలే ఉంటుంది. వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని కోతుల నుంచి గారెలు కాపాడుకోవడంతోనే నా మొదటి పెళ్లిరోజు గడిచింది. సింహం గర్జన వినిపించింది గానీ, సింహం మాత్రం కనపడలేదు.

అమెరికాలో డిస్నీలాండ్ కట్టిన వాల్ట్ డిస్నీకి ఆ ఆలోచన వచ్చింది బెంచీ మీదేనట. కూతుళ్లు రంగులరాట్నం ఎక్కితే తాను పల్లీలు నములుతూ చూస్తూ కూర్చోవలసి వచ్చేదట. పిల్లలతోపాటు పెద్దలూ ఆడుకునే చోటు ఎందుకుండకూడదనుకుని, 1955 జూలై 17న దాన్ని తెరిచాడు. మన దేశంలో ఢిల్లీలో 1984లో అప్పూఘర్ వచ్చింది, 2008లో మూసేశారు. ముంబైలో 1989లో ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. 2000లో కొచ్చిలో మొదలైన పార్కే తర్వాత బెంగళూరుకీ, మా రావిర్యాలకీ వచ్చిన ఈ వండర్‌లా. ఇన్ని వచ్చినా మన ఇళ్లలో బెంచీ మీద కూర్చునేది మాత్రం మనమే. అవునంటారా, కాదంటారా?

తెల్లారి లేచి కోడలితో "మీరిద్దరే పోయి రండి బిడ్డా. లెక్కలు మాత్రం నేనేస్తా" అన్నాను. ఆ పిల్ల ముఖం చూడాలి!

ఏ రోజు, ఎక్కడికి?

పెళ్లిరోజు ఆదివారం పడింది. ఆదివారాలు, పండగ సెలవులు, వేసవి సెలవుల్లో ఇలాంటి పార్కుల్లో తొక్కిసలాటే. ఒక్కో ఆటకి వరుసలో నిలబడే సరికి కాళ్లు పీక్కుపోతాయి. టిక్కెట్ కూడా మామూలు రోజుల్లో తక్కువ, సెలవురోజుల్లో ఎక్కువ. అందుకని పూజా పాయసం ఆదివారం నాడే కానిచ్చి, విహారం బుధవారానికి మార్పించాను. మాఘమాసం వెళ్లాక పిల్లలకి పరీక్షల రోజులు కాబట్టి జనం పలచగా ఉంటారు. చలి తగ్గి నీళ్లలో ఆడుకోవడానికీ బాగుంటుంది. టిక్కెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి నేనిక్కడ రాయను. వెళ్లే ముందు పార్కు వాళ్ల సొంత సైటులోనే చూసి, అక్కడే కొనుక్కోవడం మంచిది.

రామోజీ ఫిల్మ్ సిటీ అయితే ఎలా ఉంటుందనీ ఆలోచించాం. విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ దాటాక అనాజ్‌పూర్ దగ్గరుంది. 1996లో రామోజీరావుగారు కట్టించిన ఈ స్టూడియో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఎర్ర బస్సుల్లో తిప్పి సెట్లు, తోటలు చూపిస్తారు. 'బాహుబలి' సెట్టూ ఉంది. చూసే ముచ్చట ఎక్కువ కావాలంటే రామోజీ, ఆడే ముచ్చట ఎక్కువ కావాలంటే వండర్‌లా. లోపలే హోటళ్లున్నాయి కాబట్టి రాత్రి ఉండాలనుకునే వాళ్లకీ రామోజీ బాగుంటుంది. మా పిల్లల చేతిలో ఉన్నది ఒక్కరోజు సెలవు, చీటీ డబ్బులు కొన్ని. దగ్గర్లో ఉన్నదే ఖాయం చేసుకున్నారు.

డబ్బుని నాలుగు కవర్లలో పెట్టించాను. టిక్కెట్లకొకటి, లోపల తిండికొకటి, పెట్రోలుకొకటి, బట్టలకీ లాకరుకీ కలిపి ఒకటి. చాలామంది టిక్కెట్ ఒక్కటే లెక్కేసుకుని బయల్దేరతారు. లోపలికెళ్లాక మిగతా మూడూ కలిసి టిక్కెట్‌ని మించిపోతే ఆ సాయంత్రం మొగుడూపెళ్లాల మధ్య మాట తేడా వచ్చేది అక్కడే!

ఇంకో సంగతి. మా వాడిది మోటారు సైకిలు. ఔటర్ రింగు రోడ్డు మీదికి రెండు చక్రాల బండ్లని రానివ్వరు. పక్కనుండే సర్వీసు రోడ్డు మీదే పోవాలి. మీ పిల్లలకీ చెప్పి పంపండి.

బట్టలూ, బంగారమూ

నీటి ఆటలకి చీరలు, చుడీదార్లు, నూలు బట్టలు పనికిరావు. నైలాన్ లాంటి జారుడు బట్టలే వేసుకోవాలి. నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, చున్నీలూ కొంగులూ ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం. అక్కడ కూడా అమ్ముతారు గానీ, ముందే కొనుక్కుంటే నచ్చింది ఏరుకోవచ్చు. కోడలూ నేనూ మదీనా వైపు వెళ్లి, మోకాళ్లు దాటే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా తెచ్చాం. రెండు తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు, తడి బట్టలకో ప్లాస్టిక్ సంచి. అంతే సామాను. అదీ లాకరులో పెట్టేస్తే కాపలాకి మనిషక్కర్లేదు. ఆ మాట చదివినప్పుడు నాకు వేపచెట్టు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అసలు చిక్కు బంగారం దగ్గర వచ్చింది. కోడలి మెడలో పుస్తెల తాడు మూడు తులాలది. తలకిందులుగా తిప్పే ఆటల్లో, నీళ్లలో జారే ఆటల్లో అది తెగినా, జారినా దొరుకుతుందా? తీసిపెట్టి వెళ్లమందామంటే, పెళ్లిరోజు విహారానికి పుస్తెలు తీసి పంపిస్తానా? పైగా ఇంట్లో మా అత్తగారున్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఆవిడకెలా చెప్పాలా అని రెండు రోజులు తిరిగాను.

చివరికి ఆవిడే పిలిచారు. "కంసాలికిచ్చినప్పుడు ఏం జేస్తం? పసుపు కొమ్ము కట్టిన తాడు ఏసుకుంటం గదా, గదే ఎయ్యి" అన్నారు. పసుపు తాడు ఆవిడే పేని, కొమ్ము కట్టి కోడలి చేతిలో పెట్టారు. పిల్ల అవతలికి వెళ్లాక నాతో, "ఆనాడు జూ పార్కుల నువ్వు సింహాన్ని జూడలే గదనే" అన్నారు.

ఇరవై ఏడేళ్లు! ఆవిడకి గుర్తే లేదనుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక చేటలో బియ్యం మళ్లీ చెరిగాను.

అడగలేని మాట

గర్భవతులు, గుండె జబ్బు, బీపీ, మూర్ఛ, నడుము నొప్పి ఉన్నవాళ్లు జోరు ఆటలు ఎక్కకూడదు. వండర్‌లాలో రీకాయిల్ అని ఒక రైలుందట. వెనక్కి లాక్కెళ్లి ఎత్తు నుంచి వదిలేస్తే తలకిందులుగా తిరిగి అవతలి ఎత్తెక్కుతుంది. మళ్లీ అదే దారిలో వెనక్కే తిరిగొస్తుంది. కొత్తగా పెళ్లయిన పిల్లని అలాంటిదెక్కమని పంపేముందు ఒక్క మాట అడగాలి. కానీ అత్తగారి నోటితో ఆ మాట అడిగితే "మనవడెప్పుడు?" అన్నట్టు ఉంటుంది. అందుకని రూల్సు కాగితం పైకి చదివి, ఆ ముక్క దగ్గర కొంచెం ఆగాను. కోడలు నవ్వి, "అట్లాంటిదేం లేదు అత్తమ్మా" అంది. విషయం అయిపోయింది. తల్లులైనా, అత్తలైనా ఈ మాట మొహమాటపడి వదిలేయకండి. నెల తప్పిన అనుమానమున్నా నీళ్లొదిగిన పక్కన కూర్చోవడమే మేలు, లేదా విహారం రామోజీకి మార్చుకోవచ్చు.

పులిహోర సంగతి

బయటి తిండి లోపలికి రానివ్వరు. ఈ సంగతి తెలిసీ బుధవారం పొద్దున చెయ్యి ఊరుకోక గిన్నెడు పులిహోర కలిపాను! పిల్లలకి మాత్రం ఇడ్లీలు పెట్టాను. గిరగిర తిరిగే ఆటలకి ముందు పూరీలు, వడలు తింటే కడుపులో తిప్పుతుంది. ఆటలకి గంటన్నర, రెండు గంటల ముందే తేలికగా తినాలి.

వాళ్లు బండెక్కి సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. పక్కింటి ఆపా గోడ మీంచి చూసి, "నువ్వు పోలేదా బెహెన్?" అంది. పోలేదన్నాను. "అచ్ఛా కియా. నయా జోడా హై, జానే దో" అంది. పులిహోరలో సగం ఆ ఇంటికే వెళ్లింది. గిన్నె తిరిగొచ్చేటప్పుడు దాన్నిండా ఖుబానీ మీఠా.

పొద్దున పొడి ఆటలు, ఎండెక్కాక నీటి ఆటలు ఆడుకోమని చెప్పి పంపాను. జోరు ఆటలు అయ్యాకే భోజనం చేయమన్నాను. అలలు లేచే కొలనులో ఈతరాని వాళ్లు అంచునే ఉండాలనీ, మెరుపులూ ఉరుములూ వస్తే ఆటలు ఆపేస్తారనీ చెప్పాను. మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. ఇద్దరి ఫోన్లూ లాకరులో ఉంటాయని తెలుసు. అయినా చేద్దామనిపించింది. చెయ్యలేదు.

రాత్రి ఎనిమిదింటికి వచ్చారు. నీళ్లలో నాని వేళ్లు ముడతలు పడ్డాయి. అరిచి అరిచి కోడలి గొంతు పోయింది. మిరియాల చారు వేడివేడిగా పోశాను. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి, పలచటి చింతపండు పులుసులో మరిగించి, నేతి పోపు పెడితే నీళ్లలో నానిన ఒంటికి దాన్ని మించిన మందులేదు. రెండు గ్లాసులు తాగింది. రీకాయిల్ ఎక్కేటప్పుడు మా వాడే కళ్లు మూసుకున్నాడట, తను మూసుకోలేదట! ఆ ముచ్చట చెప్తూ ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. మాకు అర్థంకాని మాటలు కూడా కొన్ని అనుకుని నవ్వుకున్నారు. అలాంటివి కొన్ని మొగుడూపెళ్లాలకి ఉండాలి. కాపురంలో కష్టం వచ్చిన రోజున అవే అక్కరకొస్తాయి.

పుస్తెల తాడు తిరిగి మెడలో వేసుకుంటూ కోడలు అంది. "అత్తమ్మా, వచ్చే నెల మీ పెళ్లిరోజు గదా. మామయ్యా మీరూ రామోజీకి పోయి రండి. ఆడికి చీర కట్టుకునే పోవచ్చు. నానమ్మను నేను చూసుకుంట, వంట గూడ చేస్త."

మావారు పేపరు చాటు నుంచి, "ఎంతమందిమి?" అన్నారు.

"ఇద్దరమే" అన్నాను నేను.