చలి తీరానికి ఏ ఓడ?

నార్వే తీరం వెంట శీతాకాలపు ప్రయాణంలో ఓడ హంగుల కన్నా అది ఆగే రేవులు, ఆగే వేళలు, దాటే సముద్రమే ముఖ్యం

జనవరి రాత్రుల్లో బెర్గెన్ రేవులో తరచుగా కురిసేది మంచు కాదు, వాన. ఆ వానలో గొడుగులు మడిచి ఓడ ఎక్కేవారు రెండు రకాలు. కొందరి చేతుల్లో బరువైన సూట్‌కేసులు, మెడలో కెమెరాలు. వారు పన్నెండో రో్జున గానీ దిగరు. మరికొందరి భుజాన ఒకే ఒక్క సంచి. వారి ఊరు రెండు మూడు రేవుల అవతలే. ఈలోగా ఓడ పక్కభాగంలో ఉన్న తలుపు గుండా ఫోర్క్‌లిఫ్ట్ సరుకుల పెట్టెలను లోపలికి చేరవేస్తుంటుంది. ఈ ఓడ మీద ప్రయాణం కొన్నవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. ఇది వారికోసమే బయల్దేరే ఓడ కాదు.

నార్వే నైరుతిన ఉన్న బెర్గెన్ నుంచి ఈశాన్యాన రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా, 34 రేవులు తాకుతూ సాగే ఈ తీర మార్గం 1893లో మొదలైంది. అంతకు ముందు ట్రాండ్‌హైమ్‌లో పోస్టు చేసిన ఉత్తరం హామర్‌ఫెస్ట్ చేరడానికి వేసవిలో మూడు వారాలు, శీతాకాలంలో అయిదు నెలలు పట్టేదని చెబుతారు. చీకట్లో, రాళ్ల మధ్య, ట్రాండ్‌హైమ్‌కు ఉత్తరాన కేవలం 28 లైట్‌హౌస్‌లు ఉన్న తీరంలో రాత్రిపూట ఓడ నడపడానికి ఎవరూ సాహసించలేదు. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మాత్రం సరేనన్నారు. దిక్సూచి చూపిన దిశ, వేగం, పట్టిన సమయం ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న లెక్కలే ఆయన ధైర్యం. 1893 జులై 2న ఆయన ఓడ 'వెస్టెరోలెన్' ట్రాండ్‌హైమ్ నుంచి బయల్దేరి మూడు రోజుల్లోపే హామర్‌ఫెస్ట్ చేరింది. ఆ మార్గానికి 'హర్టిగ్రూటెన్' అన్న పేరు స్థిరపడింది. వేగంగా వెళ్లే దారి అని దానికి అర్థం.

ఇప్పుడు ఈ మార్గంలో రెండు సంస్థలున్నాయి. 2021లో మొదలైన కొత్త ఒప్పందం కింద హర్టిగ్రూటెన్ ఏడు ఓడలను, హవిలా నాలుగు ఓడలను నడుపుతున్నాయి. మొత్తం పదకొండు ఓడలు వంతులవారీగా తిరిగితేనే రోజుకొక ఓడ బయల్దేరగలదు. ఈ సేవకు నార్వే ప్రభుత్వం డబ్బు చెల్లిస్తుంది. విశాఖ నుంచి అండమాన్ వెళ్లే ప్రయాణికుల ఓడను ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. విహారం వేరు, రవాణా వేరు. ఇక్కడ ఆ రెండూ ఒకే ఓడలో సర్దుకుంటాయి.

శీతాకాలంలో ఉత్తర నార్వే చూడాలనుకునేవారికి మరో దారి కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ వంటి రేవుల నుంచి పెద్ద క్రూయిజ్ ఓడలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉత్తరానికి వస్తాయి. వాటిలో నాటకశాలలు, ఈతకొలనులు, రకరకాల భోజనశాలలు ఉంటాయి. ట్రోమ్సో, ఆల్టా వంటి కొద్దిచోట్లే ఆగినా, ఒక్కోసారి రాత్రంతా రేవులోనే ఉంటాయి. ఊరి దీపాలకు దూరంగా బస్సులో వెళ్లి ఆకాశం చూసి రావడానికి అది మంచి వీలు. తీర ఓడ సంగతి వేరు. చాలా రేవుల్లో అది పావుగంటో అరగంటో ఆగుతుంది. ట్రోమ్సో, ట్రాండ్‌హైమ్, హోనింగ్స్‌వోగ్, కిర్కెనెస్ వంటి చోట్ల మాత్రమే మూడు నాలుగు గంటలు దొరుకుతాయి. కాలక్షేపానికి కార్యక్రమాలు లేనిదే రోజు గడవని వారికి ఇది సరిపడదు. కిటికీ పక్కన కూర్చుని తీరాన్ని చూస్తూ గంటలు గడపగలిగిన వారికి ఇంతకన్నా మంచి ఓడ దొరకదు.

సముద్రం మాట

కరపత్రాల్లోని ఫొటోల్లో నీరు అద్దంలా ఉంటుంది. నిజానికి దారిలో ఎక్కువ భాగం దీవుల చాటునే సాగుతుంది. కానీ ఆ చాటు దొరకని చోట్లు కొన్ని ఉన్నాయి. దక్షిణాన స్టాడ్ భూశిరం, దానికి కాస్త పైన హుస్తద్‌విక, బోడో దాటాక లోఫోటెన్ దీవుల దాకా వెస్ట్‌ఫియర్డ్, ఉత్తర కొసన బారెంట్స్ సముద్రం. శీతాకాలపు తుపానులో ఇక్కడ కొద్ది గంటల పాటు భోజనాల హాలు సగం ఖాళీ అవుతుంది.

2019 మార్చి 23న హుస్తద్‌వికలో జరిగింది మరీ తీవ్రమైనది. 1,373 మందితో ట్రోమ్సో నుంచి స్టావాంగర్ వెళుతున్న 'వైకింగ్ స్కై' అనే క్రూయిజ్ ఓడ ఇంజిన్లు తుపానులో ఆగిపోయాయి. ఓడ రాళ్ల వైపు కొట్టుకుపోయింది. లంగరు వేసి, ఒక ఇంజిన్‌ను తిరిగి నడిపించి నిలదొక్కుకున్నారు. హెలికాప్టర్లు ప్రయాణికులను ఒక్కొక్కరిగా పైకి లాగాయి. దాదాపు 480 మందిని అలా తరలించాక మర్నాడు ఓడ మోల్డే రేవు చేరింది. ఇంజిన్లలో కందెన నూనె తగినంత లేకపోవడం, ఓడ ఊగిసలాటకు ఆ ఉన్న నూనె కూడా పంపులకు అందకపోవడం కారణమని దర్యాప్తులో తేలింది. 2017లో తయారైన కొత్త ఓడ అది.

ఆ తీరంలో శీతాకాలపు ప్రయాణమంటేనే భయపడాలని దీని అర్థం కాదు. తీర ఓడలు ఏడాది పొడవునా అక్కడే తిరుగుతున్నాయి. గాలి ఎక్కువైతే కెప్టెన్ ఒక రేవును వదిలేస్తారు, లేదా చాటున ఆగుతారు. ఆ నిర్ణయాన్ని ప్రయాణికుడు మనస్ఫూర్తిగా ఒప్పుకోగలగాలి. అందుకే తిరుగు విమానానికీ ఓడ దిగే వేళకూ మధ్య కనీసం ఒక రాత్రి ఉండేలా చూసుకోవడం మేలు. ఓడ చేరిన సాయంత్రానికే విమానం టికెట్ కొనుక్కున్నవారు చివరి రెండు రోజులూ తీరాన్ని కాదు, గడియారాన్ని చూస్తూ గడపాల్సి వస్తుంది.

ఏ నెల, ఏ దిశ

ట్రోమ్సోలో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. పూర్తి చీకటి కూడా కాదు. మధ్యాహ్నం వేళ రెండు మూడు గంటలు నీలిరంగు వెలుతురు మంచుకొండల మీద పరుచుకుంటుంది. ఆ నీలం కోసమే డిసెంబర్‌లో వచ్చేవారున్నారు. అయితే మొదటిసారి వెళ్లేవారికి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా అనువైన కాలం. పగలు తీరం కనిపిస్తుంది, కొండల మీద మంచు తరగదు, ఆకాశంలో ధ్రువకాంతులు చూడటానికి రాత్రి చీకటి సరిపడా ఉంటుంది.

ధ్రువకాంతుల విషయంలో ఒక్క మాట. సూర్యుడి చురుకుదనం దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. అది గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబర్‌లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అయినా మబ్బు పడితే ఏ సూర్యుడూ చేయగలిగిందేమీ లేదు. తీర ఓడకు ఇక్కడొక అనుకూలత ఉంది. అది రాత్రంతా కదులుతూనే ఉంటుంది కనుక మబ్బు లేని చోటు తగిలే అవకాశం ఎక్కువ. కాంతులు కనబడితే ఓడలో ప్రకటిస్తారు. అర్ధరాత్రి రెండు గంటలకైనా లేచి కోటు తొడుక్కుని డెక్ మీదికి రాగలిగితే చాలు. కదిలే ఓడ మీద కెమెరా మాత్రం అంతగా సహకరించదు.

వేసవి ఫొటోలు చూసి శీతాకాలపు టికెట్ కొనడం తరచూ జరిగే పొరపాటు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గైరాంగర్ ఫియర్డ్‌లోకి తీర ఓడలు వేసవిలోనే వెళతాయి. కొండచరియల మధ్య ఇరుకైన ట్రోల్‌ఫియర్డ్‌లోకి కూడా శీతాకాలంలో వెళ్లవు, మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. బదులుగా ఒలెసుండ్‌లో ఎక్కువ సేపు దొరుకుతుంది. 1904 జనవరిలో ఒక్క రాత్రి మంటల్లో కాలిపోయి, మూడేళ్లలో మళ్లీ రాతితో, ఇటుకతో లేచిన ఊరు అది. గోపురాలు, పూలలతల చెక్కడాలతో ఒకే శైలిలో కట్టిన ఆ వీధులు సన్నని వానలోనూ బాగుంటాయి.

వెళ్లేటప్పుడు రాత్రిపూట దాటిన రేవులను ఓడ తిరిగి వచ్చేటప్పుడు చాలావరకు పగలు తాకుతుంది. కనుక పన్నెండు రోజుల పూర్తి ప్రయాణానికి అర్థం ఉంది. అంత సెలవు లేనివారు ఒక దిశ ఎంచుకోవచ్చు. ఉత్తరానికి వెళ్లే ఓడ ట్రోమ్సోలో పగలు, కిర్కెనెస్‌లో ఉదయం ఆగుతుంది. నాలుగో రోజు ఉదయం ఆర్కిటిక్ వృత్తం దాటగానే మెడ వెనక ఐసు ముక్కలు వేసే సరదా తంతు ఉంటుంది. దక్షిణానికి వచ్చే ఓడ 'ఏడుగురు అక్కచెల్లెళ్లు' అనే కొండల వరుసను పగటివేళ చూపిస్తుంది. లోఫోటెన్ దీవులకు మాత్రం రెండు దిశల్లోనూ సాయంత్రం తర్వాతే చేరుతుంది. ఆ దీవులే ముఖ్యమనుకునేవారు టికెట్‌ను రెండు ముక్కలుగా కొని స్వోల్‌వేర్‌లో రెండు రోజులు దిగిపోవడం మంచిది. శీతాకాలం చివర గుడ్లు పెట్టడానికి బారెంట్స్ సముద్రం నుంచి వచ్చే కాడ్ చేపలను అక్కడ కర్ర పందిళ్ల మీద జంటలుగా వేలాడదీస్తారు. ఉప్పు వేయరు, గాలికే ఎండుతుంది. ఎండిన చేప ఇటలీకి, తలలు నైజీరియాకు వెళతాయి.

పాతదా, కొత్తదా

హర్టిగ్రూటెన్ ఓడల్లో ఎక్కువ భాగం 1990లలో కట్టినవి. చెక్క పనితనం, చిత్రాలు, పాత హోటల్ వంటి హాళ్లు వాటి ఆకర్షణ. హవిలా ఓడలు 2021 తర్వాత వచ్చినవి. అవి ద్రవీకృత సహజవాయువుతో, పెద్ద బ్యాటరీలతో నడుస్తాయి. నాలుగు గంటల దాకా బ్యాటరీ మీదే చప్పుడు లేకుండా సాగగలవు. వారసత్వ ఫియర్డ్‌లలోకి కాలుష్యం లేకుండా రావాలన్న నిబంధనను నార్వే 2026 జనవరి నుంచి చిన్న ఓడలకు, 2032 నుంచి పెద్ద ఓడలకు వర్తింపజేయాలని నిర్ణయించడంతో ఈ తేడాకు ప్రాముఖ్యం వచ్చింది. రెండు సంస్థల ఓడలూ పొడవులో 120 మీటర్లకు కొంచెం అటూఇటూ. ఆగే రేవులూ అవే, వేళలూ దాదాపు అవే. కాబట్టి తారీఖు, ధర చూసుకుని ఓడను ఎంచుకోవచ్చు.

క్యాబిన్ విషయంలో డబ్బు ఆదా చేయవచ్చు. డిసెంబర్‌లో ఎక్కువ గంటలు చీకటే కనుక కిటికీ లేని గది పెద్ద లోటు కాదు. మార్చిలో అయితే కిటికీకి ఖర్చు పెట్టవచ్చు. కానీ ఎదురుగా లైఫ్‌బోటు అడ్డం లేదని ముందే కనుక్కోవాలి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో ఉన్న గది ఉత్తమం.

కిర్కెనెస్ ప్రయాణానికి చివరి మలుపు. వీధి పేర్లు నార్వేజియన్‌లో, రష్యన్‌లో రాసి ఉన్న ఊరు. రష్యా సరిహద్దు పదిహేను కిలోమీటర్ల దూరం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఆ రాకపోకలు తగ్గిపోయాయి. 2024 మే నుంచి రష్యా పర్యాటకులకు దారి మూసేశారు. 1944లో వెనుదిరుగుతూ జర్మన్ సైన్యం ఈ ప్రాంతాన్నంతా తగలబెట్టింది. హోనింగ్స్‌వోగ్‌లో మిగిలింది ఒక్క చర్చి. ఇప్పుడు కనిపించే రంగురంగుల ఇళ్లన్నీ ఆ తర్వాత కట్టినవే. మధ్యాహ్నం ఓడ తిరిగి బయల్దేరుతుంది. ఆ రాత్రి పర్యాటకులంతా నిద్రపోయాక కూడా అది చిన్న చిన్న రేవుల్లో ఆగుతూనే ఉంటుంది. మంచు పడుతున్న గట్టు మీద నారింజ రంగు కోటు తొడుక్కున్న మనిషి తాడు అందుకుంటాడు. పెట్టెలు దిగుతాయి, ఒకరో ఇద్దరో దిగుతారు. పది నిమిషాల్లో ఓడ మళ్లీ కదులుతుంది.

వెళ్లేముందు

వీసా: నార్వే షెంగెన్ ఒప్పందంలో ఉంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

దుస్తులు: బెర్గెన్‌లో వాన, కిర్కెనెస్‌లో సున్నాకు పది డిగ్రీలు కింద. లోపల ఉన్ని, మధ్యన వెచ్చనిది, పైన గాలి, నీరు చొరనిది. గడ్డకట్టిన వీధుల్లో జారకుండా బూట్ల కింద తగిలించే ముళ్ల పట్టీలు మరువకూడదు.

భోజనం: చేపలదే రాజ్యం. శాకాహారులు టికెట్ కొనేటప్పుడే చెప్పాలి. ఊరగాయ సీసా సూట్‌కేసులో ఉంటే మంచిదే.