హో అడవి, లా పుష్ బడి

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. పొయ్యి, మంచాలు, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. సియాటిల్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు దాన్ని నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్నాడు. మేమిద్దరం, వాడు, మరదలు కలిసి ఒలింపిక్ నేషనల్ పార్కుకు బయలుదేరాం. "అక్కా, నీకు అడవి చూపిస్తా" అన్నాడు వాడు. అడవిలో పుట్టినోళ్లకు అడవి చూపిస్తాడంట అని నవ్వుకున్నాం.

హో అడవి మాత్రం మేమెరిగిన అడవి కాదు. పసిఫిక్ మీంచి వచ్చే మబ్బు కొండలకు తగిలి అక్కడే కురుస్తుంది, ఏడాదికి సుమారు 140 అంగుళాలు. మాపుల్ కొమ్మలకు నాచు గడ్డాల్లా వేలాడుతుంది. మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినవి పడిపోయిన మానులు. నేలంతా నాచు, ఫెర్న్ మొక్కలు కమ్మేసి ఉంటాయి కాబట్టి చిన్న విత్తనానికి చోటు దొరకదు. అది పడిన మాను మీద మొలిచి, వేళ్లను పక్కల నుంచి నేలకు దింపుతుంది. వందల ఏళ్లకు మాను చివికిపోతుంది. చెట్టు కాళ్లు చాపి నిలబడ్డట్టు ఉంటుంది, కింద ఖాళీ. ఒకే మాను మీద మొలిచినవి ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా వరుసగా ఉంటాయి.

క్యాంపులో కరెంటు, నీటి కనెక్షన్లు లేవు. రాత్రి ఎండుచేపల పులుసు పెడితే మరదలు కిటికీలన్నీ తెరిచింది.

ఈ పార్కు 1938లో ఏర్పడింది. అంతకు ముందు నుంచీ అక్కడ హో, క్వినాల్ట్, క్విలియూట్, మకా, క్లాలం జనాలున్నారు. 1855, 56ల్లో ఒప్పందాల పేరుతో భూములు పోయాయి. మూడో రోజు మేం వెళ్లిన లా పుష్ క్విలియూట్ల ఊరు. 1889లో వాళ్లు హాప్స్ తోటల్లో కూలికి పోయినప్పుడు ఇళ్లు తగలబెట్టారు, 26 ఇళ్లు. మిగిలింది చదరపు మైలు నేల. ఒకవైపు సముద్రం, ఒకవైపు నది, చుట్టూ పార్కు. సునామీ వస్తే పరుగెత్తడానికీ సొంత నేల లేదు. బడి అలల పక్కనే ఉండేది. 2012లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పార్కులోంచి సుమారు 785 ఎకరాలు వాళ్లకిచ్చింది. 2022లో మెరక మీద కొత్త బడి తెరిచారు.

పార్కు మొత్తం 9 లక్షల 22 వేల ఎకరాలు. అందులో 785 ఎంత? అయినా మనుషుల కోసం పార్కు కాస్త వెనక్కి జరగడం మేం వినడం అదే మొదలు.

ఇళ్లలో వాళ్ల భాష మాట్లాడేవాళ్లు కరువైపోయి ఇప్పుడు బడిలో నేర్పుతున్నారు. ఆ భాషలో 'మ', 'న' ధ్వనులే లేవట. అమ్మను ఏమని పిలుస్తారో అని మా ఆయన దారంతా ఆలోచించాడు.

మా బడి కూడా నీళ్లకు భయపడి మెరకెక్కిందే. గోదారి ముంపులో పోయే కోయ, కొండరెడ్డి ఊళ్లను కాలనీలకు తెచ్చారు. వాళ్లు మెరకెక్కింది తమ పాత అడవిలోకి. మేం ఎక్కింది అడవి లేని చోటుకు. చెట్ల పేర్లు కోయలో రాయమంటే పిల్లలు నాలుగైదు రాసి పలక దించేస్తారు. మిగతావి ఎలా ఉంటాయి టీచర్ అని అడుగుతారు. బోర్డు మీద ఇప్ప చెట్టు బొమ్మ వేసి చూపిస్తున్నాం.